మీకు తెలుసా? మాగ్నెట్ బోర్డుకు ఎండే ఇస్త్రీ

కారు తలుపుకు అతికించే మెత్తటి మాగ్నెట్ బోర్డు వంకర తిరిగితే, దాన్ని సాపు చేయడానికి కాసేపు ఎండ చాలు. ఇనుము ఆక్సైడ్‌తో తయారయ్యే ఫెరైట్ పొడిని రబ్బరులోనో ప్లాస్టిక్‌లోనో కలిపి ఈ షీటు చేస్తారు. వెచ్చదనానికి మెత్తబడేది ఆ రబ్బరే. ఫెరైట్ అయస్కాంత గుణం పూర్తిగా పోవాలంటే సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి!

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎల్ బోర్డుతో కారు నడిపేవారు చదునైన ఇనుప రేకు మీద బోర్డును అక్షరాలు పైకి ఉండేలా పరిచి, ఉదయపు ఎండలో పది నిమిషాలు ఉంచితే సరి. తర్వాత రేకు మీదే నీడలో చల్లారనివ్వాలి. మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, రేకు మరీ కాలితే ప్లాస్టిక్ పాడవుతుంది.

చుట్టి పెట్టాల్సి వస్తే అక్షరాలు బయటికి ఉండాలి. మడత అసలు పెట్టకూడదు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: వెనక వైపున ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నటి చారలుగా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రెండు బోర్డులను వీపూ వీపూ కలిపి దాస్తే ఆ చారలు చెదిరి పట్టు సడలుతుంది. బోర్డుకు ఇరువైపులా పట్టిన హైవే దుమ్మును రోజూ తుడవండి, లేకుంటే కారు రంగు గీసుకుపోతుంది.