పుట్టిన పాపకు శుక్లమా? ఎందుకు?

అవ్వ కంట్లో శుక్లం వస్తుందని మీకు తెలుసు. మరి చిత్తూరు పల్లెలో అప్పుడే పుట్టిన పాపకు ఎందుకొస్తుంది?

కంటి కటకం నిండా క్రిస్టలిన్లనే ప్రొటీన్లు ఒత్తుగా సర్దుకుని ఉంటాయి. వాటి తయారీ వివరం జన్యువుల్లో ఉంటుంది. అది కాస్త మారినా ప్రొటీన్లు ముద్దకట్టొచ్చు. తేటగా ఉన్న కోడిగుడ్డు సొన ఉడికితే తెల్లబడుతుందే, అలాగే కటకమూ తెల్లబడుతుంది, అదే శుక్లం!

దాదాపు ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. చాలా కుటుంబాల్లో ఒక్కటి చెడినా చాలు, శుక్లం వస్తుంది. కొన్నిట్లో రెండూ చెడాలి. మన వైపు మేనరికం చేసుకుంటే, తాతలో దాగిన ఒకే లోపం భార్యాభర్తలిద్దరికీ అంది ఉండొచ్చు. వాళ్ల చూపు బాగానే ఉంటుంది, బిడ్డకు మాత్రం శుక్లం రావచ్చు. అయితే గర్భంలో ఉండగా రుబెల్లా అనే వైరస్ సోకినా శుక్లం రావచ్చు.

తొలి నెలల్లోనే మెదడు చూడటం నేర్చుకుంటుంది. శుక్లం అడ్డుపడితే నేర్చుకోలేదు. అందుకే పసిపాప కంటిపాప తెల్లగా కనిపిస్తే, వెంటనే తిరుపతి అరవింద్ లాంటి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లమని పెద్దలకు చెప్పండి.