సముద్రపు అడుసులో వానల లెక్క

గ్రామమున ఏ యేడు ఏ పైరు వేసినదియు తెలియుటకు అడంగలు చూతుము. కాని ఆ దస్త్రములు ఎంతో వెనుకకు పోవు. నాలుగు వేల సంవత్సరముల నాడు గోదావరి ప్రాంతమున వానలెట్లు కురిసెను? అంతకు పూర్వము సముద్రము ఎచటివరకు నుండెను? ఈ ప్రశ్నలకు సమాధానము సముద్రపు అడుగున గల అడుసులో దొరకుచున్నది.

సముద్రజలమున ఫొరామినిఫెరా అను ఏకకణ జీవులు కలవు. వీనిలో పెక్కు ఇసుకరేణువంత యుండును. సూక్ష్మదర్శినితో గాని వాని రూపము స్పష్టముగ తెలియదు. ఇవి నీటిలోని సున్నమును గ్రహించి గుల్ల కట్టుకొనును. జీవి చనిపోగా గుల్ల అడుగునకు చేరును. దానిపై ఒండ్రు పడి పొరపై పొర పేరుకొనును. అడుగు పొర పాతది, పై పొర క్రొత్తది. శాస్త్రజ్ఞులు ఓడపై నుండి పొడవైన గొట్టమును దించి ఆ పొరలను వరుస చెడకుండ పైకి తీయుదురు.

ఈ గుల్లలలో ప్రాణవాయువు కూడ ఇమిడియుండును. అందు తేలికది, బరువైనది అని రెండు ముఖ్య రకములు. సముద్రజలము ఆవిరియగునపుడు తేలిక రకము హెచ్చుగా లేచిపోవును. ఆ ఆవిరి మంచుగా కురిసి, కరగక నేలపై నిలిచినచో, సముద్రమట్టము తగ్గును; మిగిలిన నీటిలో బరువు రకము పాలు హెచ్చును. ఆనాటి గుల్లలలోను అది హెచ్చును.

అయితే నీరు చల్లబడినను గుల్లలో బరువు రకము హెచ్చును. కావున 1955లో చెజారే ఎమిలియాని అను శాస్త్రజ్ఞుడు ఈ మార్పునకు ముఖ్యకారణము చలియే యని తలచెను. 1967లో నికొలస్ షాకెల్టన్ అందు పెద్దపాలు మంచుదేయని చూపెను. సముద్రపు లోతున నీరు ఎల్లపుడు చల్లగనే యుండును; అచటి గుల్లలలోను అదే మార్పు కానవచ్చుటయే నిదర్శనము.

ఇట్టి ఆధారములతోడను, తీరములందలి ఇతర గుర్తులతోడను, సుమారు 20,000 సంవత్సరముల క్రిందట సముద్రము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన నుండెనని తేలినది. పిదప మంచు కరగి సముద్రము పెరిగెను. సుమారు 7,000 సంవత్సరముల క్రిందట ఆ పెరుగుదల చాలవరకు నిదానించెను.

మన గోదావరి ముఖమునకు ఎదుట బంగాళాఖాతమున 2006లో ఒక నౌక ఇట్టి అడుసును తీసినది. ఆ యాత్ర ముఖ్యోద్దేశము వాయునిక్షేపముల అన్వేషణ. అయినను ఆ అడుసు వానల చరిత్రకును అక్కరకు వచ్చెను. గుల్లలను బట్టి పొరల వయస్సు నిర్ణయించిరి. నది కొట్టుకొని వచ్చిన ఆకుల మైనమును పరీక్షించిరి. 2012లో ప్రకటింపబడిన ఫలితమిది: సుమారు 4,000 సంవత్సరముల క్రిందట ఒకసారి, 1,700 సంవత్సరముల క్రిందట మరియొకసారి, ఈ ప్రాంతమున వానలు తగ్గి, కఱవునకు ఓర్చు మొక్కలు హెచ్చినవి.

పంచాయతీ సభ్యులు దీనినుండి గ్రహింపవలసినది కలదు. వానయు, సముద్రమును నిలుకడగా నుండునని నమ్మరాదు. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. కావున మెట్టగ్రామములవారు చెరువు పూడిక తీయించి, కట్టను, తూమును భద్రపరుపవలెను. తీరగ్రామములవారు మడ అడవులను నరుకనీయక, మురుగు కాలువలను పూడనీయక కాపాడవలెను. ఈ పనులకు ఒక్క యేటి వానను చూచి గాక, రాబోవు తరమును తలచి తీర్మానము చేయుట మేలు.