పిలువగనే వచ్చు కుక్క

కుక్కకు నేర్పదగిన విద్యలు పలు విధములు. చేయి చాపిన పంజా ఇచ్చుట, కూర్చుండుమన్న కూర్చుండుట, విసరిన బంతిని తెచ్చుట మొదలగునవి చూచువారికి ముచ్చట గొల్పును. ఇవేవియు రాకున్నను కుక్కకు లోటు లేదు, ఇంటివారికిని లోటు లేదు. పిలిచినప్పుడు వచ్చుట ఒక్కటి రాకున్న మాత్రము ఏదో ఒకనాడు ప్రాణము మీదికి వచ్చును. అది కుక్క ప్రాణము కావచ్చును, దారిన పోవు వారి ప్రాణమైన కావచ్చును.

కోరుట్ల, జగిత్యాల పట్టణముల మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. లారీలు రేయింబవళ్లు నడచు ఆ దారికి చేరువనే ఇండ్లు, అంగళ్లు, పసుపు చేలు, మామిడి తోటలు ఉన్నవి. ఈ ప్రాంతమున కోతుల బెడద ఎక్కువ. పెరటి జామచెట్టును, ఇంటి పైకప్పు పెంకులను కాపాడుకొనుటకై కుక్కను పెంచువారు కలరు. కోతిని తరుముచు రోడ్డు వైపునకు ఉరికిన కుక్కను మనము పరుగెత్తి పట్టుకొనజాలము. దానిని మరలించునది ఒక్క పిలుపే. అదే కుక్క బడికి పోవు పిల్లవాని వెంట పడినప్పుడును అంతే.

ఇంకొక చిక్కు కూడ కలదు. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషనులు, రైల్వే స్టేషనుల ఆవరణలలోని వీధికుక్కలను తొలగించవలెనని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించినది. మెడపట్టీ లేక, పిలిచినను రాక, బస్సు స్టేషనులో తిరుగు పెంపుడు కుక్కను చూచి ఇది ఫలానావారిదని ఎవరు చెప్పగలరు?

కుక్క పిలిచినను రాకుండుటకు కారణమేమి? వినబడక కాదు. మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనముల వరకు గల ధ్వనిని గ్రహించును; కుక్క చెవి సుమారు 45,000 వరకు గ్రహించును. మొండితనమును కాదు. వచ్చిన తరువాత ఏమి జరుగునో దానికి గుర్తుండుటయే కారణము. ఏ పని వెంట సుఖము కలుగునో ఆ పనిని జంతువు మరల మరల చేయుననియు, ఏ పని వెంట బాధ కలుగునో దానిని మానుకొనుననియు అమెరికా మనశ్శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1898లో ప్రకటించిన పరిశోధనలతో నిరూపించెను. ఆయన పరీక్షించినవానిలో పిల్లులతోపాటు కుక్కలును ఉండెను.

ఇప్పుడు మన ఇండ్లలో జరుగుదానిని తలచి చూడుడు. కుక్క వీధిలో ఆడుకొనుచుండును. మనము పిలుతుము, అది వచ్చును, గొలుసు వేసి కట్టివేయుదుము. మరియొకనాడు పిలిచి చన్నీళ్లు పోయుదుము. వేరొకనాడు అది పది పిలుపులకు రాక పదునొకండవ పిలుపునకు వచ్చును. ఇంతసేపు ఎక్కడ తిరిగితివని రెండు దెబ్బలు వేయుదుము. ఆలస్యమునకు శిక్షించితిమని మన తలంపు. కుక్కకు తెలిసినది వేరు. దెబ్బకు ముందు అది చేసిన పని వచ్చుట ఒక్కటే. కావున వచ్చినందుకే దెబ్బ తగిలినదని అది గ్రహించును. కుక్క కాటునకు చెప్పు దెబ్బ అను సామెత ఒకటి మనకున్నది. ఈ విద్య నేర్పుటలో ఆ సామెతకు పని లేదు.

మహాభారతారంభమున సరమ కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా, సరమ అను దేవశునకము కుమారుడు అచ్చటికి వచ్చెను. వాడు హవిస్సును ముట్టలేదు. అయినను రాజు తమ్ములు వానిని కొట్టిరి. సరమ వచ్చి, తప్పు చేయని బిడ్డను ఏల కొట్టితిరని అడిగెను. ఉత్తరము చెప్పువారు లేకపోగా, ఊహింపని భయము కలుగునని శపించెను. కుక్కకు సారమేయము అను పేరు ఈ సరమను బట్టియే వచ్చినది. పిలువగా వచ్చి దెబ్బ తిన్న కుక్క అడుగజాలని ప్రశ్నయు ఇదియే.

ఇక నేర్పు విధానము. మొదట పిలుపునకు ఒక మాటను ఏర్పరచుకొనవలెను. కుక్క పేరు ఇందుకు చాలదు; దానిని ముద్దు చేయునప్పుడును, గదుమునప్పుడును అదే పేరు వాడుచుందుము. మన ప్రాంతమున 'దా' అను మాట సహజమైనది, పొట్టిది. 'దా' అన్న ప్రతిసారియు మేలే జరుగవలెను. స్నానము చేయింపవలసి వచ్చినచో, మందు వేయవలసి వచ్చినచో, మనమే కుక్క యొద్దకు పోవలెను గాని ఆ మాట వాడరాదు.

మొదటి వారము ఇంటిలోనే సాధన చేయవలెను. కుక్క ఆకలిగొన్న వేళ రెండడుగుల దూరమున నిలిచి ఒక్కసారి 'దా' అనవలెను. అది వచ్చినంతనే చేతిలోని తినుబండారమును ఈయవలెను. నిమిషము ఆగి ఇచ్చిన ఫలితము లేదు. ఉడికిన గ్రుడ్డు తునక, కోడి కాలేయపు ముక్క, జొన్నరొట్టె తునక చాలును. ఒక్కొక్కటి చిటికెన వ్రేలి గోరంత యుండిన చాలును. ఉల్లిగడ్డ వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు హాని చేయును, పెట్టరాదు.

రెండవ మెట్టున ఇద్దరు వాకిలిలో చెరియొక వైపు నిలిచి వంతులవారీగా పిలువవలెను. మూడవ మెట్టున ఆరుబయటికి తీసికొనిపోయి, ఇరువది ముప్పది అడుగుల త్రాడు కట్టి పిలువవలెను. త్రాడు పారిపోకుండ కాచుటకే గాని గుంజుటకు కాదు. పిలువగా రాకున్న వెంట పరుగెత్తరాదు. వెంటబడిన అది ఆట యనుకొని ఇంకను దూరము పోవును. మనమే వెనుదిరిగి నాలుగడుగులు పరుగెత్తిన, అది మన వెంట వచ్చును. వచ్చిన తరువాత మెడపట్టీని ఒకసారి పట్టుకొని, తినిపించి, మరల ఆటకు విడువవలెను. పదిసార్లు పిలిచిన తొమ్మిదిసార్లు అట్లు విడిచినచో, పిలుపు ఆటకు ముగింపు కాదని అది తెలిసికొనును. ఇతర కుక్కలు, కోడిపిల్లలు, కోతులు ఉన్న చోట్లు చివరి మెట్టు. తొందరపడి మొదటి దినమే కోతుల ముందు పరీక్షింపరాదు.

వీధిలో పుట్టిన కుక్క విషయమున ఒక జాగ్రత్త అవసరము. వంగిన మనిషిని చూచిన అది రాయి తీయుచున్నాడని పారిపోవును. అనుభవము దానికి అట్లు నేర్పినది. దానిని పిలుచునప్పుడు ముందే అరుగుమీద కూర్చుండి, ప్రక్కకు తిరిగి, అరచేయి తెరచి చూపుట మేలు.

సిరిసిల్లలో మరమగ్గములు నడచు వీధులలో నోటి మాట చప్పుడులో కలిసిపోవును. అచ్చట ఈల ఉత్తమము. అమెరికా శాస్త్రవేత్త పెట్రీషియా మెకానెల్ 1990లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, వెంటవెంటనే వచ్చు చిన్న చిన్న ధ్వనులు కుక్కను దగ్గరకు రప్పించును. దీర్ఘముగ సాగిన ఒకే ధ్వనికి ఆ శక్తి తక్కువ. మనవారు నాలుకతో చప్పరించి 'చు చు చు' అని పిలుచుటలో ఈ మర్మమే ఉన్నది. కావున సాగదీసి అరచుటకంటె మూడు నాలుగు పొట్టి ఈలలు మేలు.

ఈ మూడు పట్టణముల చుట్టుప్రక్కల ఊళ్ల నుండి గల్ఫు దేశములకు పనికి పోవువారు పెక్కుమంది. కుక్కను తెచ్చి, మచ్చిక చేసి, తన గొంతునకే అలవాటు చేసిన కొడుకు దుబాయి పోయిన తరువాత దానిని పిలువవలసినది ఇంటనున్న ముసలి తల్లియో, బీడీలు చుట్టు భార్యయో, బడి పిల్లలో. వారి మాట వినని కుక్క వారికి కాపలా కాదు, భారము. అందుచేత మొదటి దినము నుండియే ఇంటిల్లిపాదియు ఒకే మాటతో, ఒకే తీరున పిలువవలెను. బీడీల చాట ఒడిలో నుండగా, లేచి ఏమియు ఈయలేని వేళ ఊరక పిలువరాదు. ఫలము లేని పిలుపులు పదియైన మాటకు విలువ పోవును.

నేర్పుటకు తగిన వయసు చిన్నతనమే. స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు శాస్త్రవేత్తలు 1965లో ప్రకటించిన గ్రంథమున, మూడవ వారము నుండి పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల మనుష్యులతో చెలిమి సులభముగ నేర్చుకొనునని వివరించిరి. మన వీధికుక్కలు చిత్తకార్తె వేళ కలియును. గర్భము సుమారు 63 దినములు. సంక్రాంతి నాటికి కూనలు కండ్లు తెరచి తిరుగాడుచుండును. అప్పుడే తల్లి నుండి వేరు చేయక, ఎనిమిది వారములు నిండిన పిదప తెచ్చుకొనవలెను. రేబీస్ టీకాను, తక్కిన టీకాలను ఏ దినమున వేయింపవలెనో పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. కోరుట్లలో పశువైద్య కళాశాలయే ఉన్నది. పెరిగిన కుక్కయు నేర్చుకొనును. కాలము కొంత ఎక్కువ పట్టును.

నేర్చిన తరువాత ప్రతిసారియు తిండి అక్కరలేదు. ఒకసారి ముక్క, ఒకసారి వెన్ను నిమురుట, ఒకసారి మంచి మాట చాలును. వచ్చిన కుక్కకు ఏదో ఒక మేలు మాత్రము దక్కుచునే యుండవలెను. ఈ రాత్రి దాని అన్నము గిన్నె పట్టుకొని రెండడుగుల దూరమున నిలిచి, 'దా' అని ఒక్కసారి పిలిచి ఆరంభింపుడు.