మన డబ్బు మరొకరి చేతిలో పెట్టేముందు



మన ఆడవాళ్ల చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తం రావడం అరుదు. వచ్చినా అది చాలావరకు మనసు కుదురుగా లేని సమయంలోనే వస్తుంది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మితే వస్తుంది. ముప్ఫై ఏళ్లు టీచరుగా చేసి రిటైరయితే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ల రూపంలో వస్తుంది. భర్త పోయిన ఇంటికి ఇన్సూరెన్సు డబ్బుగా వస్తుంది. ఆ కబురు వీధి దాటేలోపల ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు కావచ్చు, ఆడపడుచు కొడుక్కి తెలిసినాయన కావచ్చు. "మీకెందుకమ్మా ఈ తలనొప్పి, అంతా మేం చూసుకుంటాం" అంటారు.

చూసుకునేవాళ్లను పెట్టుకోవడం తప్పేమీ కాదు. జబ్బు చేస్తే డాక్టరుకీ, కోర్టు పనికి ప్లీడరుకీ ఫీజివ్వడం లేదూ? అయితే "చూసుకుంటాం" అన్న ఆ ఒక్కమాట వెనక మూడు రకాల మనుషులున్నారు. వాళ్లకు వర్తించే నియమాలు వేరు, వాళ్లకు డబ్బిచ్చేవాళ్లు కూడా వేరు. ఆ తేడా తెలియకనే చాలామంది నష్టపోతారు.

మొదటి రకం మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటరు, అంటే మనం ఏజెంటు అనుకునేవాడు. మన దగ్గర ఫీజు పుచ్చుకోడు కాబట్టి "మా సేవ ఉచితం" అంటాడు. నిజానికి ఫండు కంపెనీ అతనికి ఏటేటా కమీషన్ ఇస్తుంది, అది మన పెట్టుబడిలోంచే పోతుంది. ఏజెంటు ప్రమేయం లేకుండా నేరుగా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి వచ్చాయి. వాటికీ, ఏజెంటు ద్వారా కొనేవాటికీ ఖర్చులో తేడా కొన్ని ఫండ్లలో ఏడాదికి నూటికి రూపాయి దాకా ఉంటుంది. నెలకు కాదు, ఏడాదికి. "రూపాయేగా!" అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పది లక్షలు ఏడాదికి నూటికి పదకొండు చొప్పున ఇరవై ఏళ్లు పెరిగితే సుమారు 80 లక్షల 60 వేలవుతుంది. అదే పది చొప్పున అయితే 67 లక్షల 30 వేలు. ఆ ఒక్క రూపాయి ఖరీదు 13 లక్షల పైచిలుకు!

అలాగని ఏజెంటును కొట్టిపారెయ్యను. ఇంటికి వచ్చి ఫారాలు నింపి, యజమాని పోయినప్పుడు యూనిట్లు భార్య పేరుకు మార్పించి, మార్కెట్టు పడినప్పుడు "తొందరపడి అమ్మకండమ్మా" అని ఆపే మనిషి ఆ డబ్బుకు తగిన పనే చేస్తున్నాడు. అటువంటివాళ్లు ఉన్నారు. ఫారం మీద సంతకం చేయించుకుని మళ్లీ మొహం చూపించనివాడికి మాత్రం ఏటేటా ఎందుకివ్వాలి? అంచేత మొహమాటపడకుండా ఒక ప్రశ్న అడగండి: "ఇది నేను కొంటే నీకెంత వస్తుంది, బాబూ?" చెప్పవలసిన బాధ్యత అతనికుంది. విసుక్కుంటే కాఫీ ఇచ్చి పంపెయ్యండి.

రెండో రకం సెబీ దగ్గర రిజిస్టరయిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు. సెబీ అంటే షేర్ల బజారుమీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ. ఈ అడ్వైజరు ఫీజు మన దగ్గరే తీసుకోవాలి. మనకు సలహా ఇస్తూ, అదే వస్తువు మనకే అమ్మి కమీషన్ తినకూడదు. స్థిరమైన ఫీజు పద్ధతిలో అయితే కుటుంబానికి ఏడాదికి 1,51,000 రూపాయలు మించి తీసుకోకూడదని 2025లో పరిమితి పెట్టారు. అది గరిష్ఠం మాత్రమే, అంత ఇవ్వాలని కాదు. ఫీజు నగదుగా తీసుకోకూడదు. ఇతను సలహా చెబుతాడు, కొనేదీ అమ్మేదీ మనమే. మన డబ్బు అతని చేతుల మీదుగా పోదు. నన్నడిగితే మధ్యతరగతి ఇళ్లకు ఈ పద్ధతే మేలు. చేతిలోంచి ఫీజు ఇచ్చేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, అదొక్కటే కష్టం. కనపడకుండా పోయే కమీషన్‌కు మాత్రం ఎవరికీ బాధ ఉండదు!

ఇక మూడో రకం పోర్ట్‌ఫోలియో మేనేజరు. డబ్బు అప్పగిస్తే, ఏ వాటా కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది చాలావరకు అతనే నిర్ణయిస్తాడు, ప్రతిసారీ మనల్ని అడగడు. ఈ సేవకు కనీసం 50 లక్షలు పెట్టాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. లోగడ 25 లక్షలుండేది. కాబట్టి ఎవరైనా "అయిదు లక్షలివ్వండి, మీకూ పీఎంఎస్ చేస్తాం" అంటే అది చట్టం ఒప్పుకున్న వ్యవహారం కాదని అక్కడికక్కడే అర్థం చేసుకోవచ్చు.

ఖర్చు సంగతి చూద్దాం. 50 లక్షల మీద ఏడాదికి నూటికి రెండున్నర ఫీజు అనుకుంటే 1,25,000 రూపాయలు. దానిమీద నూటికి పద్దెనిమిది జీఎస్టీ కలిపితే 1,47,500. లాభం వచ్చినా రాకపోయినా ఇది కట్టవలసిందే. కొందరు ఫీజు తగ్గించి లాభంలో వాటా అడుగుతారు. అక్కడ ఒక మెలిక ఉంది. మీ 50 లక్షలు 60 అయ్యాయి, అతను తన వాటా తీసుకున్నాడు. రెండో ఏడు పడిపోయి మళ్లీ 50కి దిగాయి. మూడో ఏడు తిరిగి 60కి చేరాయి. ఇప్పుడు మళ్లీ వాటా అడిగితే ఒకే పది లక్షలకు రెండుసార్లు కూలి ఇచ్చినట్టు గదా! అలా అడగకూడదని నియమం. ఒప్పందంలో ఆ సంగతి రాసి ఉందో లేదో చదివించుకోండి. మధ్యలో మానుకుంటే కోత ఎంతో కూడా చూడండి. తీసుకునే మొత్తంలో మొదటి ఏడు నూటికి మూడు, రెండో ఏడు రెండు, మూడో ఏడు ఒకటి మించకూడదు, ఆ తర్వాత అసలు ఉండకూడదు. పైగా అతను లాభానికి అమ్మిన ప్రతి వాటామీదా పన్ను లెక్క మీ పేరునే వస్తుంది.

ఉన్నదంతా కలిపి 50 లక్షలే అయితే దాన్ని ఇలాంటి చోట పెట్టడం నాకు సమ్మతం కాదు. షేర్లు పడతాయి. 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్ కోవిడ్ భయంతో మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది. ఆ తర్వాత లేచింది, నిజమే. కానీ ఆ మార్చిలోనే ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినవాళ్లు లేచేదాకా ఆగగలిగారా? మేనేజరును ఎంచుకునేటప్పుడు "మీరెంత సంపాదించి పెట్టారు?" అని అందరూ అడుగుతారు. "ఆ మార్చిలో మీ ఖాతాదార్లకు నూటికి ఎంత పోయింది?" అని మీరు అడగండి.

లాభం ఇంత అని ముందే మాటిచ్చేవాడితో అసలు మాటలే వద్దు. "నెలకు రెండు రూపాయలు గ్యారంటీ" అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. షేర్లలో పెట్టి అంత ఖాయంగా ఇవ్వగలవారు లేరు, అలా హామీ ఇవ్వడం నియమాలకు విరుద్ధం కూడాను. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పోర్ట్‌ఫోలియో మేనేజరుకైతే ఐ.ఎన్.పి. అనీ, అడ్వైజరుకైతే ఐ.ఎన్.ఏ. అనీ మొదలవుతుంది. ఏజెంటుకు ఏ.ఆర్.ఎన్. నంబరుంటుంది. అతను చూపించిన కాగితం చాలదు. సెబీ వెబ్‌సైటులో, ఏజెంటు విషయంలో ఆంఫీ వెబ్‌సైటులో, ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఆ పేరు వెతికించండి.

ఇంత చూసినా ఒకటి మిగిలిపోతుంది. లైసెన్సు ఉన్న పెద్ద సంస్థ కూడా తప్పు చేయవచ్చు. మన హైదరాబాదులోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖాతాదార్లు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆధారంగా వాళ్ల వాటాలను తాకట్టు పెట్టి, ఆ డబ్బు వాడుకున్నారని తేలడంతో సెబీ 2019 నవంబరులో ఆ సంస్థమీద ఆంక్షలు పెట్టింది. 95 వేలమందికి పైగా ఖాతాదార్ల వ్యవహారం అది. డిసెంబరులో చాలామందికి వాటాలు తిరిగి వచ్చాయి గానీ, ఈలోగా ఎన్ని ఇళ్లలో నిద్రలు లేవో!

ఆ తర్వాత కట్టుదిట్టాలు పెరిగాయి. మామూలు బ్రోకరు దగ్గర మీ వాటా తాకట్టు పెట్టాలంటే ఓటీపీ మీ ఫోనుకు రావాలి. కొన్నా అమ్మినా కబురు ఫోనుకే వస్తుంది. బాగానే ఉంది. ఆ ఫోను ఎవరిది? మన ఇళ్లలో ఫారం నింపేటప్పుడు "నాకివన్నీ ఏం తెలుసు" అని కొడుకు నంబరో, అల్లుడి నంబరో రాయిస్తాం. ఒక్కోసారి ఏజెంటే తన నంబరూ, తన ఈమెయిలూ వేసేస్తాడు. అప్పుడు ఖాతా మీ పేరున ఉన్నా, దాని కళ్లూ చెవులూ మరొకరి దగ్గరున్నట్టే. పిల్లలమీద అనుమానంతో చెప్పడం లేదు. తాళం చెవి ఎవరి కొంగున ఉండాలో ఆ కొంగునే ఉండాలి. సంతకం పెట్టేముందు ఫారంలో ఆ రెండు గళ్లూ మీరే చూడండి. ఖాళీ గళ్లున్న కాగితంమీద సంతకం పెట్టకండి. డబ్బు వ్యక్తి పేరున కాక సంస్థ ఖాతాకే పంపండి. వాటాలు మీ పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలోనే ఉండేలా చూసుకోండి.

మేనేజరు మూడు నెలలకొకసారైనా లెక్క పంపాలి. అది అతను రాసిన లెక్క. డిపాజిటరీ వారు, అంటే మన వాటాలను నిజంగా దాచే సంస్థవారు, మీ పాన్ నంబరు మీద ఉన్నవన్నీ కలిపి వేరే స్టేట్‌మెంటు పంపుతారు. లావాదేవీ జరిగిన నెలకు ఆ నెల లెక్క వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వాటాల సంఖ్య సరిపోతోందో లేదో చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పాలవాడి లెక్క చూసినట్టే. తేడా కనిపిస్తే ముందు సంస్థకే రాతపూర్వకంగా రాయండి, ఫోనులో చెప్పి ఊరుకోకండి. జవాబు రాకపోతే సెబీ వారి స్కోర్స్ అనే ఏర్పాటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, దానికి రుసుం లేదు. 2024 నుంచి ఆ ఫిర్యాదుకు సంస్థ 21 రోజుల్లో సమాధానం చెప్పాలి. ఫిర్యాదు నంబరు మాత్రం రాసి దాచుకోండి.