కంప్యూటరు నడుపు విద్య – మన పల్లె యువజనులు

గడచిన వానకాలమున భద్రాచలము దారిలోని ఒక గ్రామమందు ఎరువులకై వచ్చిన రైతులు ఉదయమునుండి పొద్దు తిరుగువరకు కార్యాలయపు వసారాలో నిలిచియుండుటను మేము చూచితిమి. గోదాములో బస్తాలు కలవు. రైతుల చేతిలో రొక్కము కలదు. రశీదు మాత్రము రాదు. ప్రింటరు దీపము వెలుగుచునే యున్నది గాని కాగితము కదలదు. ఖమ్మమునుండి మనిషి రావలయుననిరి. ఖమ్మమునకును భద్రాచలమునకును సుమారు 120 కిలోమీటర్ల దూరము. తుదకు వచ్చిన ఆ మనిషి చేసిన పని ఐదు నిమిషములకు మించలేదు. వరుసలో మొదటి రశీదు చిక్కుకొని నిలిచిపోగా, దాని వెనుకవన్నియు ఆగియుండెను. ఆ వరుసను తుడిచివేసి, ముద్రణసేవను ఆపి మరల ప్రారంభించినంతనే కాగితములు రాసాగెను. ఆ వసారాలోనే ఇంటరు చదివిన పిల్లలు నలుగురు కూర్చుండియుండిరి. వారికీ విద్య నేర్పినవారు లేకపోయిరి.

ఆనాటినుండి మాకు తోచిన మాట యొక్కటే. మన బిడ్డలకు కంప్యూటరుపై టైపు చేయుట మాత్రమే నేర్పిన చాలదు. కంప్యూటరును నడుపుట, నిలిచిపోయినప్పుడు దానిని లేపుట నేర్పవలయును.

కంప్యూటరులోపల ఆపరేటింగ్ సిస్టమనునది యొకటి కలదు. పెద్ద కమతములో పెద్దపాలేరు చేయు పని అందు అది చేయుచుండును. ఏ అరక ఏ చేనికి పోవలయునో, ఏ పనిముట్టు ఎవరికీయవలయునో పెద్దపాలేరు చెప్పినట్లు, ఏ ప్రోగ్రామునకు ఎంత మెమొరీ ఈయవలయునో, ఏ ఫైలు ఎచ్చట నుంచవలయునో, ప్రింటరునకు ఏ పని ముందు పంపవలయునో అది చూచుకొనును. మైక్రోసాఫ్టువారి విండోసును, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి ప్రారంభించిన లినక్సును ఈ జాతివే. పెద్దపాలేరుతో మాటలాడుట తెలిసినవానికి కమతమంతయు తెలిసినట్లే.

ఇది పరుల గొడవ కాదు. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదించినది. మన అప్పు, మన వాటాధనము, మన ధాన్యపు లెక్క ఇక యంత్రమున నుండును. పద్దుపుస్తకము చదువలేని కాలమున రైతు ఎన్ని విధముల నష్టపడెనో మన పెద్దలెరుగుదురు. యంత్రమును తెలిసినవాడు మన ఊరిలో లేనిచో ఆ పాత కష్టమే కొత్త వేషమున వచ్చును.

నేర్వవలసినవానిలో ముఖ్యమైనవి ఐదు.

మొదటిది ఫైళ్ల పోషణ. నకలు తీయుటకును, చోటు మార్చుటకును, తొలగించుటకును గల భేదము చేతికి రావలయును. ఫైలుపేరున ముందు సంవత్సరము, పిదప నెల, పిదప తేదీ వ్రాసినచో అవి తమంతట వరుసగా నిలుచును.

రెండవది నకళ్ల భద్రత. ముఖ్యమైన లెక్కకు మూడు ప్రతులుండవలయును. అవి రెండు విధములైన సాధనములపై నుండవలయును. అందొకటి వేరొక ఊరిలో నుండవలయును. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగెను. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే ఈయబడును. కార్యాలయములో నీరు నిలిచినపుడు కంప్యూటరును, దాని ప్రక్కనే పెట్టిన నకలును కలిసి మునుగును. కావున మూడవ ప్రతి మెరక ఊరిలో నుండుట మనకు విధి.

మూడవది ఖాతాలు, అధికారములు. యంత్రమున మార్పులు చేయగల అడ్మినిస్ట్రేటరు ఖాతా వేరు, దినదినము పనిచేయు ఖాతా వేరు. ఎవరి పాస్‌వర్డు వారిది. కుర్చీనుండి లేచునపుడు విండోసు మీటను, ఎల్ అక్షరమును కలిపి నొక్కి తెరకు తాళము వేయవలయును. రొక్కపు పెట్టెను తెరిచియుంచి టీకి పోవు గుమాస్తాను మనము సహింపము గదా.

నాల్గవది చిక్కు విప్పుట. ప్రోగ్రాము బిగుసుకొనిపోయినచో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కి టాస్కు మేనేజరును తెరచి, ఆ ఒక్కదానినే ఆపవచ్చును. ఇంటర్నెట్టు రానపుడు మొదట తీగ, పిదప మన యంత్రపు చిరునామా, పిదప రౌటరు, ఆపైన బయటి దారి – ఇట్లు ఒక్కొక్కటిగా చూడవలయును. పింగ్ అను ఆదేశము ఏ మజిలీవరకు జవాబు వచ్చుచున్నదో చెప్పును. కాలువ నీరు చేనికి రానపుడు తూమునుండి గట్టువెంట నడచిచూచు రైతునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

ఐదవది తెలుగు వ్రాత. పాత ఫాంటులతో వ్రాసిన కాగితము వేరొక యంత్రమున పిచ్చిగీతలుగా కనబడును. యూనికోడులో వ్రాసినది ఎచ్చటనైనను తెలుగుగానే యుండును. విండోసునందును లినక్సునందును ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ముందే కలదు. ఎంపిక చేసికొనుటయే తరువాయి. రైతు పేరు తప్పుపడినచో అతని సొమ్ము ఆగును గనుక దీనిని తేలికగా నెంచరాదు.

ఇక సాధనమెట్లు? క్రొత్త యంత్రము కొనుట అందరికి శక్యము కాదు. విండోసు 10నకు ఉచిత భద్రతా నవీకరణలతోడి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటును, కనీసము 4 జి.బి. మెమొరీని కోరును గనుక పాత యంత్రములు పెక్కు దానికి తగవు. అట్టివి మూలబడియున్నచో పారవేయవలదు. వానిపై లినక్సును ఉచితముగా వేసికొనవచ్చును. పెన్‌డ్రైవునుండియే దానిని నడిపి చూచుటకు వీలున్నది. స్థాపించుమని మనము చెప్పనంతవరకు డిస్కులోనిది చెదరదు. స్థాపించునపుడు మాత్రము పాత ఫైళ్లు చెరిగిపోవచ్చును గావున ముందు నకలు తీసికొనుడు. సిగ్నలు లేని అడవి గ్రామములందును ఈ అభ్యాసము సాగును.

అభ్యాసమునకు ఒక నియమము. సభ్యుల నిజమైన లెక్కలపై ఎన్నడును చేయి వేయరాదు. కల్పిత పేర్లతో ఒక పద్దు వ్రాసి, దానిని చెరిపి, నకలునుండి మరల తెచ్చి చూడవలయును. ప్రతి లోపమును, దాని కారణమును, విరుగుడును నోటుపుస్తకమున వ్రాసికొనవలయును. ఆరు నెలలు వ్రాసిన ఆ పుస్తకము ఉద్యోగమునకు పోవునపుడు సర్టిఫికెట్టుకంటె ఎక్కువ మాటలాడును.

సర్టిఫికెట్టు వలదని మేమనుటలేదు. పదవ తరగతి తేరినవారికి ఐ.టి.ఐ.లలో కోపా అను ఒక సంవత్సరపు కోర్సు కలదు. అందు ఈ విద్య నేర్పుదురు. 2020 డిసెంబరులో ఖమ్మమున ఐ.టి. హబ్ తెరువబడినది. అయినను ఇంతమాత్రము నేర్చినంతనే పెద్ద జీతము వచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. ఇది మొదటి మెట్టు. ఆపరేటరుగానో, యంత్రముల మరమ్మతు సహాయకుడుగానో చేరి, నెట్‌వర్కు, ప్రోగ్రామింగు క్రమముగా నేర్చి పైకి పోవలయును.

సంఘసభ్యులారా, కార్యాలయమున గాని గోదాము గదిలో గాని ఒక పాత కంప్యూటరును బాగుచేయించి, దినమునకొక గంట యువజనులకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, విడువుడు. నేర్చినవారు తరువాతివారికి నేర్పుదురు. మరల వానకాలము వచ్చునాటికి మన వసారాలో రశీదుకై నిలిచిన రైతు ఖమ్మము దారి చూడక, లోపల కూర్చున్న మన ఊరి బిడ్డను పిలుచునట్లు చేయుట మన చేతిలోని పని.