అద్భుత నవల - పాత్రపోషణ

విజ్ఞానకల్పన నవలలను, అద్భుత నవలలను బాలుర కాలక్షేపంగా భావించి పక్కన పెట్టే అలవాటు సాహిత్యలోకంలో నేటికీ ఉన్నది. ఈ అనాదరానికి కారణం కొంత ఆ రచనలలోనూ లేకపోలేదు. యంత్రాలు, మంత్రాలు, మహాయుద్ధాలు పుటలన్నీ ఆక్రమించగా, మనిషి వాటికి సాక్షిగా మాత్రమే మిగిలిన నవలలు అనేకం. అయితే ఇటీవల ఆంగ్లంలో వెలువడిన కొన్ని నవలలలో అద్భుతం పాత్ర హృదయాన్ని వెల్లడించే సాధనమైనది. అట్టి వాటిలో మూడు తెలుగు రచయితలు తప్పక చదువదగినవి.

ఆర్కడీ మార్టీన్ రచించిన 'ఎ మెమొరీ కాల్డ్ ఎంపైర్' 2019లో వెలువడి, 2020లో హ్యూగో పురస్కారం పొందినది. అంతరిక్షంలోని ఒక చిన్న స్థావరం నుండి మహాసామ్రాజ్య రాజధానికి రాయబారిగా వచ్చిన మహీత్ ఇందులో నాయిక. ఆమెకు ముందున్న రాయబారి ఎట్లు మరణించినదీ తెలుసుకొనడం కథాసూత్రం. కాని నవలకు ప్రాణం ఆ రహస్యం కాదు. బాల్యం నుండి ఆ సామ్రాజ్య కవిత్వాన్ని ప్రేమించిన మహీత్‌ను ఆ రాజధాని అనాగరికురాలిగానే చూస్తుంది. ఆమె జన్మస్థానాన్ని కబళించగలదీ ఆ సామ్రాజ్యమే. పెద్ద భాషల వైభవానికి ముగ్ధుడవుతూనే స్వభాష భవితవ్యానికై కలతపడే రచయితకు ఈ సంకటం అపరిచితం కాదు.

సుసానా క్లార్క్ 'పిరనేసి' 2020 నాటిది. అంతులేని శిల్పమందిరాల నడుమ, క్రింది అంతస్తులలో సముద్రం పోటెత్తే ఒక వింత భవనంలో, పూర్వజీవితం మరచిన ఒక మనిషి దినచర్య వ్రాసుకుంటూ ఉంటాడు. అతడు మోసపోయినాడని పాఠకుడు అతనికంటె ముందే గ్రహిస్తాడు. అయినా ఆ భవనంపై అతనికిగల కృతజ్ఞత, అక్కడి మృతుల అస్థికలపై చూపే ఆదరం పాఠకుని జాలిని గౌరవంగా మార్చుతాయి.

మూడవది శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర 2023లో వెలువరించిన 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్'. ఇది నెబ్యులా పురస్కారం పొందినది. మహాపురుషుడని లోకం కొలిచే తండ్రిని చంపడానికే తల్లి పెంచిన కుమారుని కథ ఇది. పుట్టగానే తల్లి అతని నీడను తొలగిస్తుంది. ఆ నీడలేమి కేవలం వింత కాదు. తల్లిదండ్రుల సంకల్పాల మధ్య తనదంటూ బ్రతుకు లేని కుమారుని స్థితికి అదే రూపం.

తెలుగువారికి ఈ మార్గం కొత్తది కాదు. పదహారవ శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో మాయారూపాల చిక్కులను నలకూబరునిపై కలభాషిణికి కలిగిన కోరికతో ముడివేసినాడు. అద్భుతాన్ని తొలగించి చూచినప్పుడు పాత్ర యథాతథంగా నిలిచిందంటే, ఆ అద్భుతం అలంకారమాత్రమే. పాత్ర దుఃఖం కూడ దానితోపాటు చెదిరిపోతే, అది కథకు ప్రాణమైనదని చెప్పవచ్చు. అద్భుత కథను చేపట్టే తెలుగు రచయిత తన రచనకు మొదట పెట్టవలసిన పరీక్ష ఇదే.