సూత్రధారి (పాత్రపోషణ ఆట)

సూత్రధారి అనగా పాత్రపోషణ ఆటలలో కథాస్థలాన్ని వర్ణించి, ఆటగాళ్ళ పాత్రలకు ఎదురయ్యే మనుషులను, సంఘటనలను నడిపించి, నియమాల విషయములో సందేహం వచ్చినపుడు తీర్పు చెప్పే వ్యక్తి. ఆంగ్లములో ఈ వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ గాని, చాప మీద గాని కూర్చుని మాటలతోను, పాచికలతోను ఆడే ఈ ఆట కంప్యూటరు ఆట కాదు; ముందే వ్రాసిన సంభాషణలు లేవు కనుక నాటకమూ కాదు. ఒకే కథను, అవే పాత్రలతో, వారాలు నెలలు కొనసాగిస్తే దానిని క్యాంపెయిన్ అంటారు. ఈ వ్యాసములో దానిని దీర్ఘకథ అని, ఒకసారి కూర్చుని ఆడే భాగాన్ని పూట అని వ్యవహరించడమైనది. సూత్రధారి పని ఎలా ఉంటుందో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాన్ని కథాస్థలంగా తీసుకొని క్రింద వివరించబడినది.

ఆట స్వరూపం

మన ఇళ్ళలో ఆడే ఆటలతో పోల్చితే ఈ ఆట తీరు సులభంగా అర్థమవుతుంది. వైకుంఠపాళిలో ఆటగాడు నిర్ణయించేది ఏమీ లేదు. పందెం ఎంత పడితే అన్ని గళ్ళు నడవాలి, నిచ్చెన వస్తే ఎక్కాలి, పాము వస్తే దిగాలి. పులి-మేక (పులిజూదం) ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అందులో అదృష్టానికి చోటు లేదు, అంతా ఎత్తు మీదనే ఆధారపడి ఉంటుంది. సాధారణంగా మూడు పులులకు పదిహేను మేకలు. ఇరుపక్షాల బలమూ వేరు, లక్ష్యమూ వేరు. పాత్రపోషణ ఆటలో ఈ రెండు లక్షణాలూ కలిసి ఉంటాయి. ఏమి చేయాలో ఆటగాడు నిర్ణయిస్తాడు, ఫలితం అనుమానాస్పదమైనపుడు మాత్రమే పాచిక వేస్తారు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పులి-మేకలో పులులను నడిపేవాడు మేకలవానికి ప్రత్యర్థి. సూత్రధారి పులులను నడుపుతాడు కాని ప్రత్యర్థి కాడు. అతడు గెలవదలచుకుంటే ఆట ఒక్క నిమిషంలో ముగుస్తుంది, ఎందుకంటే ఎన్ని పులులనైనా సృష్టించే అధికారం అతనిదే. క్రొత్తగా ఆట నడిపేవారు చాలామంది తడబడేది ఇక్కడనే.

పేరు

సూత్రధారి అన్న మాట సంస్కృత నాటకాల నుండి, తోలుబొమ్మలాట నుండి మనకు పరిచితమైనదే. 1974 నాటి మొదటి నియమావళిలో ఈ వ్యక్తిని రిఫరీ అన్నారు. తరువాత డంజన్ మాస్టర్ అనే పేరు వచ్చింది. 1981లో వెలువడిన కాల్ ఆఫ్ కతూలులో కీపర్ అని, 1991 నాటి వాంపైర్‌లో స్టోరీటెల్లర్ అని అన్నారు. తెలుగులో సూత్రధారి అన్నది వాడుకకు అనువైన మాటే గాని, అర్థం పూర్తిగా అతకదు. బొమ్మలాటలో దారాలన్నీ ఒకరి చేతిలో ఉంటాయి, కథ ఎలా ముగుస్తుందో ఆ ఒకరికి తెలుసు. ఇక్కడ ముగింపు ఎవరికీ తెలియదు. ఆ విధంగా చూస్తే అవధానికి ఇతడు దగ్గరి చుట్టం. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఏమి అడుగుతాడో తెలియకుండానే అవధాని సిద్ధపడి కూర్చుంటాడు. అడ్డు ప్రశ్నకు జవాబు చెప్పి, తెగిన చోటనే పద్యాన్ని మళ్ళీ అందుకుంటాడు.

చరిత్ర

ఈ పాత్రకు మూలం యుద్ధక్రీడలలోని మధ్యవర్తి. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ 1824లో ప్రవేశపెట్టిన క్రీగ్‌స్పీల్‌లో రెండు పక్షాలవారు తమ ఆజ్ఞలను మధ్యవర్తికి తెలిపేవారు. శత్రువు కంటికి కనిపించేదెంత, కనిపించనిదెంత అన్నది అతడే చెప్పేవాడు.

1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో డేవిడ్ వెస్లీ అనే యువకుడు బ్రౌన్‌స్టైన్ అనే ఆట నడిపాడు. నెపోలియన్ కాలపు ఒక కల్పిత జర్మన్ పట్టణం అందులో కథాస్థలం. కొందరికి సైన్యాలు కాక, ఆ ఊరిలోని ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చాడు. యుద్ధం మొదలుకాక ముందే ఆటగాళ్ళు తమలో తాము మంతనాలు, బేరాలు సాగించి, వెస్లీ అనుకున్న క్రమాన్నంతా తలక్రిందులు చేశారు. ఆట చెడిపోయిందని అతడు భావించాడు. ఆటగాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు. వారిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిలోనే బ్లాక్‌మూర్ అనే దీర్ఘకథను ఆరంభించాడు. అతడు, గ్యారీ గైగాక్స్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. సూత్రధారి వేసిన పథకం చెడిపోవటంలోనే ఈ ఆట పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

కథ కాదు, పరిస్థితి

అనుభవజ్ఞులు తరచు చెప్పే సలహా ఇది: సూత్రధారి కథను సిద్ధం చేయరాదు, పరిస్థితిని సిద్ధం చేయవలెను. ఎవరెవరికి ఏమి కావాలి, వారి చేతిలో ఏమున్నది, ఎవరూ అడ్డుపడకపోతే వారం రోజులలో ఏమి జరుగుతుంది - ఈ మూడు తెలిస్తే చాలు.

ఉదాహరణకు 1846 నాటి కోయిలకుంట్ల ప్రాంతాన్ని తీసుకుందాము. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేశాడు. పాలెగాళ్ళ అధికారాలు పోయి, భరణాలు మిగిలాయి. గ్రామ కావలికి ఇనాములుగా భూములు అనుభవించే కట్టుబడులకు ఆ భూములు దక్కుతాయో లేదో తెలియని స్థితి. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న అతడిని అక్కడే బహిరంగంగా ఉరితీసి, తలను చాలా సంవత్సరాలపాటు ఉరికొయ్యకే వేలాడనిచ్చారు.

ఈ కథను అలాగే ఆడించబోతే చిక్కు వస్తుంది. ముగింపు అందరికీ తెలుసు. 2019లో వచ్చిన సైరా నరసింహారెడ్డి చలనచిత్రం చూడనివారికి కూడా తెలుసు. ఆటగాళ్ళలో ఒకరికి నరసింహారెడ్డి పాత్ర ఇస్తే, ఆ ఒక్కరే నాయకుడై మిగిలినవారు పరివారంగా మిగులుతారు. అందువలన అతడిని దూరంలో ఉంచాలి. ఆటగాళ్ళు ఖజానాలో గుమాస్తా, ఇనాము పోతుందేమోనని భయపడే కట్టుబడి, ప్రొద్దుటూరు దారిలో పత్తి బండి తోలేవాడు, ఊరూరా తిరిగి మందులిచ్చే స్త్రీ వంటి పాత్రలు ధరించవచ్చు. తమ ఊరిలో ఒక రాత్రి తిరుగుబాటుదారులు అన్నం అడిగారు. మరునాడు కంపెనీ సిపాయిలు వచ్చి ఎవరు పెట్టారని అడుగుతున్నారు. ఇక్కడ ఏమి జరగాలో చరిత్ర చెప్పదు. నరసింహారెడ్డి గతి మారకపోయినా, ఆ ఊరి గతి ఆటగాళ్ళ చేతిలో ఉంటుంది.

నేల వివరాలు కూడా పరిస్థితిలో భాగమే. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్య కుందూ నది లోయ. ఇందులో చాలా భాగం నల్లరేగడి. వర్షం పడితే ఈ నేలలో బండి చక్రం కదలదు, ఎండితే పగుళ్ళలో ఎద్దు కాలు ఇరుక్కుంటుంది. తరుముకు వచ్చే గుర్రపుదళాన్ని ఆపటానికి సూత్రధారి మాయలు కల్పించనవసరం లేదు, ఒక వాన చాలు. నంద్యాల చుట్టూ మహానంది మొదలైన నవనందులు, ఎగువ దిగువ అహోబిలాలు, బెలూం గుహలు ఉన్నాయి. చేతిలో ఇంత ఉండగా పుస్తకంలోని విదేశీ కోటల పటాలను అరువు తెచ్చుకోవటం ఎందుకో ఈ రచయితకు బోధపడదు.

ఆధారాలు, పాచికలు

రహస్యం ఛేదించే కథలలో తరచు ఒక ఇబ్బంది వస్తుంది. సూత్రధారి ఒకే ఆధారాన్ని దాచి ఉంచుతాడు, ఆటగాళ్ళు దానిని గమనించరు, కథ ఆగిపోతుంది. ఒక ఆధారం దొరికే అవకాశం సగమనుకుంటే, సగం సార్లు ఆట నిలిచిపోయినట్లే. అదే విషయాన్ని తెలిపే ఆధారాలు మూడు వేర్వేరు చోట్ల ఉంచితే, మూడూ తప్పిపోయే అవకాశం ఎనిమిదింట ఒకటి మాత్రమే. దీనికి విపర్యయం కూడా నిజమే. గోడ దూకటానికి, కావలివాని కన్ను కప్పటానికి, తాళం తీయటానికి విడివిడిగా మూడుసార్లు పాచిక వేయిస్తే, ఒక్కొక్కటి సగం అవకాశమున్న పనే అయినా మూడూ నెగ్గటం ఎనిమిదింట ఒకసారే జరుగుతుంది. అన్నిటికీ కలిపి ఒకసారి వేయించటం మేలు.

ఇరవై ముఖాల పాచికలు చిన్న పట్టణాల అంగళ్ళలో సులభంగా దొరకవు. ఒకటి నుండి ఇరవై వరకు అంకెలు వ్రాసిన చీటీలు డబ్బాలో వేసి తీసినా సరిపోతుంది. అంతకంటే సులువైనది చింతగింజల పద్ధతి. నాలుగు గింజలను ఒక వైపు తెల్లగా వచ్చేవరకు బండ మీద అరగదీయాలి. ఇరువైపులా పడే అవకాశం సమానమనుకుంటే, రెండు గాని అంతకు మించి గాని తెల్లగా పడే అవకాశం 16లో 11 పాళ్ళు. మూడు గాని అంతకు మించి గాని పడేది 5 పాళ్ళు. నాలుగూ తెల్లగా పడేది ఒక పాలు. సులభమైన పనికి రెండు, కష్టమైనదానికి మూడు, అసాధ్యమనిపించేదానికి నాలుగు తెలుపులు కావాలని నియమం పెట్టుకుంటే ఇంకే పుస్తకమూ అక్కరలేదు. గింజలను ముందుగా యాభై సార్లు వేసి చూసి, ఒకే వైపు ఎక్కువగా పడేవాటిని పారవేయాలి.

పాచిక వేయించేముందే గెలుపు ఓటముల ఫలితాన్ని చెప్పటం మంచి అలవాటు. "నెగ్గితే ఆవలి గట్టు చేరతావు, ఓడితే చేరతావు గాని బియ్యం మూట కుందూలో పోతుంది" అంటే ఆటగాడికి పణం ఏమిటో తెలుస్తుంది. ఓడినపుడు "ఏమీ జరగలేదు" అనటం అన్నిటికంటే నిస్సారమైన జవాబు. పాచికను రహస్యంగా వేసి, ఫలితాన్ని కథకు అనుకూలంగా మార్చి చెప్పే సూత్రధారులు ఉన్నారు. ఈ విషయములో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే ఒకసారి ఆ అనుమానం పుట్టిన తరువాత ఆటగాళ్ళు ఏ ఫలితాన్నీ నమ్మరు. మార్చదలచుకున్న ఫలితానికి అసలు పాచిక వేయకుండా ఉండటమే సరియైన మార్గము.

జాగ్రత్త వహించవలసిన విషయాలు

రాయలసీమ నేపథ్యం అనగానే ఆటగాళ్ళ మనసులో మెదిలేది ముఠాకక్షలు. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి తరువాత తెలుగు సినిమా ఈ కక్షలను కత్తులు, బాంబులు, గాలిలోకి లేచే సుమోలుగా మార్చివేసింది. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాలలో ఇది సినిమా కాదు. తండ్రినో, మేనమామనో పోగొట్టుకున్నవారు ఆ చాప మీదనే కూర్చుని ఉండవచ్చు, ఆ సంగతి బయటకు చెప్పకనూ పోవచ్చు. కనుక వాస్తవ కుటుంబాల పేర్లు, పార్టీలు, సంఘటనలు ఆటలోకి తేరాదు. కక్షే ఇతివృత్తమైతే, దాని మరునాటి సంగతులను చూపించడం మేలు: కోతకు కూలీలు రాని చేను, రెండు వైపులా బంధుత్వమున్న ఇంట్లో ఆగిపోయిన పెళ్ళి, సాక్ష్యం చెప్పాలా వద్దా అన్న ప్రశ్న. ఆటగాళ్ళు తుపాకి కంటే ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

మొదటి కథ ఆరంభించకముందు ఒక పూట కేటాయించి, ఏ విషయాలు అసలు వద్దు, ఏవి పైపైన తాకి వదలివేయాలి అన్నది మాట్లాడుకోవాలి. జాన్ స్టావ్‌రోపౌలోస్ రూపొందించిన ఎక్స్-కార్డు పద్ధతి కూడా ఉన్నది. చాప మధ్య ఇంటూ గుర్తు వేసిన ఒక కాగితం ఉంచుతారు. ఎవరైనా దానిని తాకితే ఆ సన్నివేశాన్ని కారణం అడగకుండా విడిచిపెడతారు. కారణం అడగకపోవటమే ఇందులోని కీలకం.

నల్లమలలోని చెంచుల విషయములోను శ్రద్ధ అవసరం. పాతకాలపు సాహసకథల బాణీలో వారిని అడవిలో ఎదురయ్యే వింతమనుషులుగా చూపటం తప్పు మాత్రమే కాదు, ఆటకు నష్టం కూడా. అహోబిలం పారువేట ఉత్సవంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ ప్రకారం చెంచులు స్వామికి అత్తవారింటి బంధువులు. కనుమ నాడు మొదలై సుమారు నలభై రోజులు స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. ప్రతి ఊరూ ఒక మజిలీ, ప్రతి మజిలీలో క్రొత్త మనుషులు, క్రొత్త మర్యాదలు. దీర్ఘకథకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు. మజిలీల పద్ధతిని అనుసరించవచ్చు గాని, పూజలందుకుంటున్న దేవుడిని సూత్రధారి తన గొంతుతో పలికించటం, పాచికతో ఓడించటం కూడదు. కూర్చున్నవారిలో ఒక్కరికి మనసు నొచ్చినా ఆ దీర్ఘకథ మరి సాగదు.

కొనసాగింపు

దీర్ఘకథలు సాధారణంగా రాక్షసుల చేతిలో కాక, పరీక్షల చేతిలోను, పెళ్ళిళ్ళ చేతిలోను అంతమవుతాయి. నలుగురిలో ముగ్గురు వస్తే ఆట జరుగుతుందని ముందే నిశ్చయించుకోవాలి. రానివారి పాత్ర ఆ పూట ఊళ్ళోనే ఉండిపోయినట్లు భావించాలి. మూడు గంటలకు మించిన పూట అలసట కలిగిస్తుంది. శివరాత్రికి మహానంది తిరునాళ్ళు, సంక్రాంతి, వార్షిక పరీక్షలు ఎప్పుడు వస్తాయో చూసుకొని, వాటికి ముందే కథలో ఒక మజిలీ వచ్చేలా చూడాలి.

ప్రతి పూట చివర సూత్రధారి ఒక నోటుపుస్తకంలో మూడు సంగతులు వ్రాసుకోవాలి: ఆటగాళ్ళు ఎవరికి మాట ఇచ్చారు, ఎవరిని నొప్పించారు, అప్పటికప్పుడు తాను కల్పించిన పేర్లు ఏవి. రెండవ పూటలో దారి చెప్పిన గొర్రెల కాపరి పదవ పూటలో అదే పేరుతో, ఆనాడు వారు ఎగ్గొట్టిన రెండణాలు అడుగుతూ ఎదురైతే, ఆటగాళ్ళు ఆ లోకాన్ని నమ్ముతారు.